ఖాళీ కప్పు ఖరీదు: ఒక సబ్లిమేషన్ షాపు, కొంత జీఎస్-3

ఉత్పతనం అనే మాట మనందరం హైస్కూల్లో చదివాం. ఘనపదార్థం ద్రవం కాకుండానే వాయువుగా మారడం. ఉదాహరణలు కర్పూరం, నాఫ్తలీన్, అయోడిన్. రెండు మార్కుల ప్రశ్న. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నాకు కూడా ఆ మాటతో అంతకు మించి పని పడలేదు. పోయిన ఏడాది మా అక్క ఖమ్మంలో సబ్లిమేషన్ ప్రింటింగ్ షాపు పెడతానని, బ్యాంకు లోనుకి ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టమని అడిగినప్పుడు పడింది. ఆ రిపోర్టు రాస్తూ తెలుసుకున్నది జీఎస్-3లో ‘ఎంఎస్‌ఎంఈలు, రుణ సదుపాయం’ అనే టాపిక్‌కి సూటిగా పనికొస్తుంది. అందుకే ఈ వారం ఆన్సర్ రైటింగ్ బదులు ఇది రాస్తున్నాను. లెక్కలు ఉంటాయి, కానీ అన్నీ కూడికలు, గుణకారాలే.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్తాను, తర్వాత విషయం దాని మీదే నడుస్తుంది. ఈ ఇంకులో ఉండేవి డిస్పర్స్ డైలు. ఇవి నీళ్లలో కరగవు. మైక్రాన్ కంటే సన్నగా నూరి, నీళ్లలో తేలుతూ ఉండేటట్టు చేస్తారు. ప్రింటర్ ఆ ఇంకుతో బొమ్మని అద్దంలో కనిపించినట్టు తిప్పి కాగితం మీద వేస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద బోర్లించి, 190-200 డిగ్రీల వేడిలో సుమారు నిమిషం సేపు ప్రెస్‌లో నొక్కితే రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకి దూరుతుంది. వేడికి పాలిస్టర్ అణువుల గొలుసులు సడలి చోటిస్తాయి, చల్లారాక మళ్లీ బిగుసుకుంటాయి. రంగు లోపలే ఉండిపోతుంది. అందుకే ఉతికినా పోదు, చేత్తో తడిమితే పైన పొరలా తగలదు. నూలు గుడ్డ మీద ఇదే పని చేస్తే నాలుగు ఉతుకులకి బొమ్మ వెలిసిపోతుంది, ఎందుకంటే ఆ రంగుకి నూలు చోటివ్వదు. పింగాణీ కప్పు కూడా ఇవ్వదు కాబట్టి దాని మీద ముందే పాలిమర్ కోటింగు వేసి అమ్ముతారు. ఇంకో పరిమితి, ఇందులో తెల్ల ఇంకు లేదు. నల్ల టీషర్టు మీద బొమ్మ రాదు. తెలుపో, లేత రంగో కావాలి.

ప్రింటర్ విషయంలో కూడా చిన్న మెలిక ఉంది. కొన్ని ఇంక్‌జెట్ ప్రింటర్లు ఇంకుని వేడిచేసి బుడగతో బయటికి నెడతాయి. వేడికి ఆవిరయ్యే ఇంకుని అలాంటి దాన్లో పోయరు. పియెజో స్ఫటికంతో నొక్కి చుక్కని వదిలే హెడ్డు కావాలి, ఎప్సన్ వాడేది అదే. మన ఊళ్లలో చిన్న షాపులన్నీ ఆఫీసుల్లో వాడే మామూలు ఇంక్ ట్యాంక్ ప్రింటరే కొని, కొత్తగా ఉండగానే ట్యాంకుల్లో సబ్లిమేషన్ ఇంకు పోసేస్తాయి. వారంటీ ఆశ అక్కడితో వదులుకోవాల్సిందే.

అక్క పెళ్లికి ముందు నుంచీ ఒక ఫొటో స్టూడియోలో డిజైనింగ్ చేసేది. ఆల్బమ్‌లు, పెళ్లి ఫ్లెక్సీలు, పుట్టినరోజు కప్పులు. కప్పులు స్టూడియో ఓనరు విజయవాడలో చేయించి తెప్పించేవాడు. “డిజైను నాది, లాభం మధ్యలో ఇద్దరిదిరా” అనేది. హైదరాబాద్‌లో ఒక డీలరు దగ్గర కొటేషన్ తెచ్చుకుంది. ఆరు రంగుల ఏ3 ప్రింటర్ 48 వేలు, పెద్ద ఫ్లాట్ ప్రెస్ 28 వేలు, మొబైల్ కవర్లకి త్రీడీ వ్యాక్యూమ్ మెషీను 18 వేలు, టోపీల ప్రెస్ 7 వేలు, కప్పుల ప్రెస్ 6 వేలు, ట్రైనింగ్ 5 వేలు. మొత్తం 1,12,000. అడుగున ఒక్క లైను, ‘స్టార్టర్ మెటీరియల్’: ఇంకు సెట్టు, కాగితం అయిదు ప్యాకెట్లు, ఒక పెట్టె కప్పులు. దానికి 6 వేలు.

నా కన్ను ఆగింది ఆ ఆఖరి లైను దగ్గర. ఒక కప్పు ఖర్చు ఎంతో విడిగా కట్టి చూశాను. కోటింగున్న ఖాళీ కప్పు 80 రూపాయలు. ఏ4 కాగితం మీద మూడు కప్పులకి సరిపడా బొమ్మలు పడతాయి, అంటే కప్పుకి రూపాయి లోపే. ఇంకు రెండు రూపాయలనుకుందాం. కప్పుల ప్రెస్ 350 వాట్లు, ఒక్కో కప్పుకి వేడెక్కడంతో కలిపి నాలుగు నిమిషాలు, పావలా కరెంటు. వేడికి తట్టుకునే టేపు ముక్క అర్ధరూపాయి. అట్టపెట్టె 9 రూపాయలు. పగిలేవి, మచ్చ పడేవి కలుపుకుంటే సుమారు 96. ఇందులో ఖాళీ కప్పే 80. అంటే ఖర్చులో నూటికి 83 వంతులు. హోల్‌సేల్‌గా 150కి అమ్మితే మిగిలే 54లో మెషీన్ల అరుగుదల, అద్దె, అక్క కష్టం అన్నీ రావాలి. జీవీఏ అంటే ఉత్పత్తి విలువలోంచి మధ్యంతర వినియోగం తీసేయగా మిగిలేది అని కంఠతా పట్టాం కదా. ఈ షాపులో అది ఆ 54.

ఇది చూశాక నాకు ఈ వ్యాపారం ప్రింటింగ్‌లా కనిపించడం మానేసింది. ఇది తెల్ల సరుకు వ్యాపారం. తెల్ల కప్పులు, తెల్ల టీషర్టులు, తెల్ల కీచైన్లు, కోటింగు వేసిన ఎండీఎఫ్ బోర్డులు ముందు కొని పెట్టుకోగలిగినవాళ్లే నడపగలరు. మెషీను ఒకసారి కొంటాం. సరుకు ప్రతి నెలా, ఆర్డరు డబ్బు చేతికి రాకముందే కొనాలి.

సరుకు ఉన్నా సరిపోదు, అది పాడవకుండా ఉండాలి. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుంటే ప్రెస్‌లో ఆవిరి పుట్టి బొమ్మ అంచులు అలుక్కుపోతాయి. అందుకని ప్యాకెట్టు విప్పాక మిగిలిన కాగితాలు గాలి తగలని డబ్బాలో పెట్టాలి, టీషర్టుని ముందు పది సెకన్లు ఖాళీగా ప్రెస్ చేసి తేమ వదలగొట్టాలి. ఖమ్మం ఎండాకాలంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, ప్రింటర్ హెడ్డులో ఇంకు ఎండిపోతుంది. వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలవి. షాపు పెట్టిన మూడో నెలలో దసరాకి అక్కా బావా ఊరికెళ్లి తొమ్మిది రోజులు ఉన్నారు. వచ్చి చూస్తే ఎరుపు రంగు రావడం లేదు. హెడ్ క్లీనింగ్ మీద హెడ్ క్లీనింగ్ చేసి, అర సీసా ఇంకు వ్యర్థాల ప్యాడ్‌లోకి పోయాక గానీ దారికి రాలేదు. అప్పట్నుంచి ఆర్డరు ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున్నే ఒక రంగుల పట్టీ ప్రింటు తీస్తుంది, ఇంటి ముందు ముగ్గేసినంత క్రమంగా. తరుగుదల అంటే వాడితే అరిగేది అని ఎకనామిక్స్ పుస్తకంలో ఉంటుంది. ఈ ప్రింటర్ వాడకపోతే పాడవుతుంది. పని లేని నెలకి కూడా దానికి ఖర్చుంది.

ఇప్పుడు బ్యాంకు సంగతి. మనం ప్రిలిమ్స్‌కి చదివేది ఇది: ముద్ర యోజన 2015 ఏప్రిల్ 8న మొదలైంది. శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు, 2024లో వచ్చిన తరుణ్ ప్లస్ 20 లక్షల వరకు. పీఎంఈజీపీలో తయారీ యూనిట్‌కి 50 లక్షలు, సేవలకి 20 లక్షలు గరిష్ఠ ప్రాజెక్టు వ్యయం. జనరల్ కేటగిరీకి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ. మహిళలతో సహా ప్రత్యేక కేటగిరీలకి 25, 35 శాతం. దీన్లో మనం తేలిగ్గా దాటేసే నిబంధన ఒకటుంది. మూలధన వ్యయం లేని ప్రాజెక్టుకి పీఎంఈజీపీ వర్తించదు. మెషీను లేదా షెడ్డు లాంటిది ఏదో ఒకటి చూపించాలి. నిర్వహణ మూలధనం దానికి తోడుగా మాత్రమే వస్తుంది.

మేము వెళ్లిన శాఖలో ఆ నిబంధన ఆత్మ కనబడింది. ఏ బ్యాంకో అనవసరం. నేను రాసిన రిపోర్టులో మెషీన్లకి 32 వేలు, సరుకుకీ చేతి ఖర్చుకీ 75 వేలు ఉన్నాయి. ఫీల్డ్ ఆఫీసరు పెన్నుతో ఆ రెండో అంకె కింద గీత గీసి, “ఇది తిరగేసి తీసుకురండి” అన్నాడు. మెషీన్ల కొటేషన్ ఇస్తే డబ్బు నేరుగా డీలరు ఖాతాలో వేస్తారట. కప్పులకి ఇస్తే అవి కప్పులకే ఖర్చయ్యాయని ఎలా తెలుస్తుంది, రేపు బాకీ పడితే జప్తు చేయడానికి ఏముంటుంది? ఆయన వైపు నుంచి అది న్యాయమైన ప్రశ్నే. ప్రెస్‌కి సీరియల్ నంబరుంటుంది, హైపోథికేషన్ స్టిక్కరు అంటించొచ్చు. కప్పులు అమ్ముడవుతాయి, ఇంకు ఖర్చవుతుంది. నిర్వహణ మూలధనం కోసమే ముద్ర కార్డు అనే ఏర్పాటు ఉందని నేను చెప్తే, అది తర్వాత చూద్దామన్నాడు. డీలరు 1,12,000 కొటేషన్‌తో వెళ్లి ఉంటే లోను వచ్చేదనే నా నమ్మకం. అప్పుడు అయిదు మెషీన్లుండేవి, వాటి మీద పెట్టడానికి ముప్పయ్యారు కప్పులుండేవి. నాలుగో నెల నుంచి ఈఎంఐ ఉండేది.

ఇక మిగిలింది నాన్న చిట్టీ డబ్బు. నాన్న ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. పాడిన చిట్టీ తాలూకు 1,60,000 ఆయన దగ్గరుంది. ఆ డబ్బు దేనికో ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు. అది నా ఇంకో ఏడాది. అశోక్‌నగర్‌లో షేరింగ్ రూము, మెస్సు, రీడింగ్ రూము, టెస్ట్ సిరీస్ కలిపి నెలకి 9 వేలు. ఏడాదికి 1,08,000. అది తీస్తే అక్కకి 52 వేలు మిగులుతుంది. మెషీన్లు కొనగా సరుకుకి 20 వేలు. రెండు వారాల షాపు.

నేను ఖమ్మం వచ్చేసి ఇంటి నుంచి చదువుతానన్నాను. త్యాగమేమీ కాదు, జిల్లా గ్రంథాలయంలో ఉదయం ఎనిమిదికి కుర్చీ దొరుకుతుంది, పైగా నాకు ఆ సమయానికి కోచింగ్ క్లాసులతో పని తీరిపోయింది. గొడవ చేసింది అక్కే. “నా కప్పుల కోసం నువ్వు కలెక్టరు కాకుండా పోయావని రేపు అందరూ నన్నే అంటార్రా” అంది. నాన్న రెండ్రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చెక్‌బుక్ తీసి, “పైవాడి పేరు ఏం రాయమంటావ్, దానిదా నీదా?” అని నన్నడిగారు. అక్క పేరు చెప్పాను.

డబ్బు ఇలా పెట్టాం. నాలుగు రంగుల ఏ4 ప్రింటర్ 12 వేలు, 15 అంగుళాల ఫ్లాట్ ప్రెస్ 14 వేలు, కప్పుల ప్రెస్ 6 వేలు. సరుకులో కప్పులు అయిదు పెట్టెలు, 180, వాటికి 14,400. పాలిస్టర్ టీషర్టులు 250, ఒక్కోటి 110 చొప్పున 27,500. ఇంకు, కాగితం, టేపు, టెఫ్లాన్ షీట్లు, అట్టపెట్టెలు 8 వేలు. కీచైన్లు, బోర్డులు 5,100. ఇక 20 వేలు బ్యాంకులో, ఉద్దెర పోయే రోజులకి. మిగిలిన 53 వేలు నా టెస్ట్ సిరీస్‌కీ, ఇంటి అవసరాలకీ.

సరుకు వచ్చిన రోజు పెట్టెల మీద రాసి ఉన్నవి చదవడం నాకు ఎన్‌సీఈఆర్‌టీ చదివినంత పని చేసింది. కప్పులు చైనా. ప్రెస్ చైనా. ప్రింటర్ వెనక ఇండోనేషియా. ఇంకు సీసా గుజరాత్, టీషర్టుల బిల్లు తిరుప్పూర్. రంగుల రసాయనాల్లో అంకలేశ్వర్, వాపి, వట్వా లాంటి చోట్ల మనకి ఏళ్ల తరబడి అనుభవముంది. పాలిస్టర్ గుడ్డకి సూరత్ ఉంది. హెడ్డు మాత్రం బయటిదే. గ్లోబల్ వాల్యూ చెయిన్ మీద జవాబు రాసేటప్పుడు ఎప్పుడూ సెల్‌ఫోన్ ఉదాహరణే ఇస్తాం. 150 రూపాయల కప్పు కూడా సరిపోతుంది.

మొదటి పెద్ద బేరం ఆగస్టులో జెండాలు. ఇక్కడ ఫ్లాగ్ కోడ్ చదివినవాళ్లకి ఒక విశేషం. 2002 కోడ్ ప్రకారం జెండా చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డదే అయి ఉండాలి. 2021 డిసెంబరు 30 సవరణతో మిషను మీద తయారైనవి, పాలిస్టర్‌వి కూడా చెల్లుతాయి. ఆ ఒక్క మాట లేకపోతే సబ్లిమేషన్ షాపులకి జెండా పనే లేదు, ఎందుకంటే ఖాదీ మీద ఈ రంగు నిలవదు. కోడ్‌లోని ప్రామాణిక కొలతల్లో 225 × 150 మిల్లీమీటర్లది ఏ4 కాగితంలో పడుతుంది. ఆటో స్టాండ్ల వాళ్లకీ, మా కాలనీకీ అక్క అవే చేసింది. అదే సవరణని హుబ్బళ్లిలో ఖాదీ జెండాలు తయారుచేసే కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం వ్యతిరేకించింది. అక్కడ వడికేవాళ్లూ, నేసేవాళ్లూ ఎక్కువగా ఆడవాళ్లే. అక్క ప్రెస్ మూత దించుతుంటే నాకు ఆ వార్త గుర్తొచ్చింది. ఎథిక్స్ పేపర్లో దీన్ని కేస్ స్టడీగా ఇస్తే ఏం రాస్తానో నాకింకా స్పష్టంగా లేదు. అక్కకి మాత్రం ఆ వారం ఇంటద్దె వచ్చింది.

ఇలాంటిదే ఇంకోటి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధించి గుడ్డ బ్యానర్లకి మారతామని ప్రకటించారు. గుడ్డ అంటే మనకి నూలు గుర్తొస్తుంది. సబ్లిమేషన్‌లో అచ్చయ్యే బ్యానర్ గుడ్డ పాలిస్టర్, నీళ్ల సీసా చేసే పెట్ ప్లాస్టిక్ కూడా రసాయనికంగా అదే. పర్యావరణం జవాబుల్లో ‘వస్త్ర ప్రత్యామ్నాయం’ అని రాసేవాళ్లు ఏ వస్త్రమో కూడా రాస్తే మంచిది.

నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్లో అయిపోతుంది. ఎన్ఐసీ సంకేతాల్లో ప్రింటింగ్ తయారీ రంగం కిందే ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపుంటే సూక్ష్మ సంస్థ. అంటే 32 వేల మెషీన్ల అక్కా, రెండు కోట్ల మెషీన్లున్న యజమానీ ఒకే గదిలో ఉంటారు. ‘సూక్ష్మ సంస్థలకి ఇంత రుణం అందింది’ అనే వాక్యం చదివినప్పుడు నాకిప్పుడు ఏ సూక్ష్మం అని అడగాలనిపిస్తుంది. సరుకు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి చాలా రాష్ట్రాల్లో 40 లక్షలైతే తెలంగాణలో 20 లక్షలే. అక్క ఇంకా దాని దరిదాపుల్లో లేదు.

అసలు పరీక్ష నవంబరులో వచ్చింది. ఒక ప్రైవేటు స్కూలు స్పోర్ట్స్ డేకి 240 టీషర్టులు అడిగింది, ఒక్కోటి 190. మొత్తం 45,600. అడ్వాన్సు 5 వేలు. ఖాళీ టీషర్టులకే 26,400, అంటే ఆ ఒక్క ఆర్డరు మింగిన సరుకు మా మెషీన్లన్నిటి ధరకి దగ్గర. నాలుగు రోజుల్లో అన్నీ కొట్టి ఇచ్చేశాం. బావ డ్యూటీ నుంచి వచ్చి రాత్రి ఒంటిగంట దాకా మడతలు పెట్టాడు, నేను పాలిటీ రివిజను మానేసి ప్రెస్ దగ్గర నిలబడ్డాను. మిగిలిన 40,600 వచ్చింది 96వ రోజున.

ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006, సెక్షన్ 15 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2017లో సమాధాన్ పోర్టల్ మొదలైంది. 2024 ఏప్రిల్‌లో ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అమల్లోకి వచ్చింది, గడువులో చెల్లించకపోతే కొన్నవాళ్లకి ఆ ఏడాది ఖర్చుగా చూపించుకునే వీలుండదు. కానీ అది వ్యాపార ఆదాయంపై పన్ను లెక్కగట్టే కొనుగోలుదారుకే తగులుతుంది. ఇదంతా నేను అక్కకి ఒక సాయంత్రం ఉత్సాహంగా చెప్పాను. విని, “వడ్డీ అడిగితే వచ్చే ఏడాది ఆర్డరు ఎవరిస్తార్రా, నీ సెక్షన్ ఇస్తుందా?” అంది. నా నోట్సులో ‘అమలులో లోపాలు’ అన్న హెడ్డింగు కింద ఆ మాట అక్క యాసలోనే రాసుకున్నాను.

ఆ 96 రోజులూ షాపు నడిచింది బ్యాంకులో ఉంచిన 20 వేల వల్ల. వాటితో కొత్త సంవత్సరానికీ, ఫిబ్రవరి 14కీ కప్పులు తెచ్చింది, అవి నగదు బేరాలు, రెండుసార్లు తిప్పింది. త్రీడీ మెషీను లేదని పోయిన మొబైల్ కవర్ల బేరాలూ ఉన్నాయి, దాచను. రోజుకి ఇద్దరు ముగ్గురు అడిగి వెళ్లిపోతారు. అదీ కొనమని బావ అంటాడు. అక్క ఇంకో నాలుగు పెట్టెల కప్పులు కొంటానంటుంది.

మీలో ఎవరింట్లోనైనా కుట్టు సెంటరో, టిఫిన్ బండో, జిరాక్స్ షాపో ఉంటే ఒకసారి ఈ లెక్క కట్టి కామెంట్లో పెట్టండి. మెషీనుకి ఎంత, నెల సరుకుకి ఎంత, ఉద్దెర ఎన్ని రోజులు. పది షాపుల లెక్కలు ఒకచోట ఉంటే మెయిన్స్‌కి ఏ కోచింగ్ నోట్సులోనూ దొరకని పేజీ అవుతుంది.

పోయిన వారం ఇంకో స్కూలు వాళ్లొచ్చారు. 400 టీషర్టులు, డబ్బు దసరా తర్వాత. ఖాళీ టీషర్టులకే 44 వేలు కావాలి. అక్క కాల్‌క్యులేటర్ వాళ్ల వైపు తిప్పి చూపించి, సగం అడ్వాన్సు ఇస్తేనే మొదలుపెడతానని చెప్పింది. మేనేజ్‌మెంటుని అడిగి చెప్తామని వెళ్లారు. ఇంకా ఫోన్ రాలేదు.